ప్రకృతి చిత్రలేఖనమును వేసవి విహారములును

ఆత్మకూరు ప్రాంతములో అనుమసముద్రంపేట యను గ్రామము కలదు. పేరునందు సముద్రమున్నను నిజమైన సముద్రము ఆ యూరికి చాల దూరమున, తూర్పుదిక్కున నున్నది. పెద్ద చెఱువు త్రవ్వించి దానికి సముద్రమనియో సాగరమనియో పేరిడుట మన పూర్వుల వాడుక. ఆ ప్రాంతముననే యున్న అనంతసాగరమును ఇట్టి పేరు గలదియే. వానకై యెదురుచూచు మెట్టసీమలో నాలుగు నెలలు నిలిచిన నీటిని చూచి సముద్రమని పిలిచిన ఆ పెద్దలకు కన్నును కలదు, కల్పనయు కలదు. ఆ కన్ను నేడు మనకున్నదా యని విచారించుటయే ఈ వ్యాసమునకు ప్రయోజనము.

కొంతకాలము క్రిందట మేము ఆ వైపున నొక పాఠశాలను చూడబోయితిమి. పిల్లలకు కాగితములిచ్చి కొండను వ్రాయుడని చెప్పితిమి. ఇంచుమించు అందఱును ఒక్క చిత్రమునే వ్రాసిరి: రెండు ముక్కోణపు శిఖరములు, వాని నడుమ నుండి లేచుచున్న సూర్యుడు, క్రిందికి పాఱుచున్న నది, ఒడ్డున కొబ్బరిచెట్టు. ఆ గదికి కిటికీ కలదు. కిటికీలో నుండి చూచిన పడమట వెలికొండల వరుస కానవచ్చుచున్నది. దానికి ముక్కోణపు శిఖరములు లేవు. పరుండిన యెద్దు వెన్నువలె పొడవుగా, నీలముగా నున్నది. ముందు తాటిచెట్లున్నవి గాని కొబ్బరిచెట్టు లేదు. "మీ యూరిలో సూర్యుడు కొండలలో పొడుచునా?" యని యడిగితిమి. పిల్లలొకరి మొగము నొకరు చూచుకొనిరి. వెనుక వరుసలోని యొక బాలిక నవ్వి, "లేదండీ, ఆడ మునిగిపోతాడు" అనెను. అటనున్న ప్రసిద్ధమైన కొండకు ఉదయగిరి యని పేరు. ఆ పిల్లలకు మాత్రమది అస్తమయగిరి. ప్రతిదినము తాము చూచు సంగతి కాగితముపైకి రాలేదు. ఎన్నడును చూడని కొండ మాత్రము వచ్చెను.

ఇది పిల్లల తప్పు కాదు. పెద్దలమైన మనము వారికి చూచుట నేర్పలేదు. చూచుట పుట్టుకతో వచ్చునని తలంతుము గాని, అదియు చదువువలె నేర్చుకొనవలసిన విద్యయే. ఒక జాతి తన నేలను చూచుటను ఎట్లు నేర్చుకొన్నదో తెలిసికొనవలెననిన ఇంగ్లండు చరిత్రమును పరిశీలింపవలెను. అట ప్రకృతి చిత్రలేఖనమును, వేసవి విహారములును ఒకదాని చేయి పట్టుకొని యొకటి పెరిగినవి. అందు మనము గ్రహింపదగినవియు, విసర్జింపదగినవియు కూడ నున్నవి.

మొదట మన సంగతి చెప్పుకొందము. ప్రకృతివర్ణనమందు మనవారు వెనుకబడినవారు కారు. ప్రబంధమునకు అష్టాదశవర్ణనలు లక్షణమని నిర్ణయించి, సముద్రమును, పర్వతమును, ఋతువులను, సూర్యచంద్రోదయములను వర్ణింపనిదే కావ్యము కాదనిరి. అయితే నియమము బిగిసినకొలదియు చూపు సడలినది. కవులలో పెక్కండ్రు కొండను చూచి కాక, తమకు ముందటి కవి వర్ణించిన కొండను చూచి వర్ణించిరి. 1514లో ఉదయగిరి దుర్గమును గజపతుల నుండి గెలుచుకొన్న శ్రీకృష్ణదేవరాయలు ఇందుకు గొప్ప అపవాదము. ఆయన ఆముక్తమాల్యదలోని వర్షర్తువర్ణనము పల్లెలలోని బురదను, తడిసిన కట్టెలను, కాపుల పాట్లను ఎఱిగినవాని వర్ణనము. చిత్రకళలో నైనను ఇంతే. లేపాక్షి ఆలయపు కప్పులపై దేవతలును, రాజోద్యోగులును, స్త్రీలును, వారి చీరల యంచులును ఎంత చక్కగా నున్నవో చెప్ప నలవి కాదు. కాని ఆ మనుష్యుల వెనుక నేల లేదు, ఆకాశము లేదు, దూరము లేదు. మనుష్యునికిని దేవునికిని మన చిత్రకారుడు చోటిచ్చెను. ఒట్టి పొలమునకు చోటీయలేదు.

ఇంగ్లండునందును మొదట ఇట్లే యుండెను. పదునెనిమిదవ శతాబ్దము నడుమ వఱకు అటి ధనికులు తమ ముఖచిత్రములను వ్రాయించుకొనుటకే చిత్రకారులను పిలిచిరి. కొండలును చెట్లును వెనుకటి తెరగా మాత్రముండెను. ఆ స్థితి మాఱుటకు కారణములు కొన్ని కలవు. మొదటిది భూమికొలత. 1745 నాటి తిరుగుబాటు తరువాత స్కాట్లండు కొండసీమలను కొలిచి పటములు వ్రాయుటకు సైన్యాధికారులు పూనుకొనిరి. ఆ పనిలో పటము గీయు ఉద్యోగిగా చేరిన పాల్ శాండ్బీ కొలతతోపాటు కొండలను ఉన్నవి యున్నట్లు నీటిరంగులతో వ్రాయ నేర్చెను. ఇంగ్లీషు నీటిరంగు చిత్రములకు ఈతనినే తండ్రిగా చెప్పుదురు. రెండవది యాత్రాగ్రంథము. విలియం గిల్పిన్ అను మతాచార్యుడు వై నదిపై పడవలో పోయి, ఏ వంపున నిలిచి చూచిన ఏ దృశ్యము చిత్రమునకు తగియుండునో వ్రాసి 1782లో ప్రకటించెను. ఆ పుస్తకము చేతబట్టుకొని జనులు బయలుదేఱిరి. మూడవది యుద్ధము. 1793 మొదలు 1815 వఱకు, నడుమ కొలదికాలము తప్ప, ఫ్రాన్సుతో యుద్ధము జరుగుచుండుటచే ఇటలీకి పోవలసిన ధనికులు స్వదేశముననే తిరుగవలసినవారైరి. పొరుగింటి తలుపు మూయబడిన తరువాతనే తమ పెరటిలోని చెట్టు వారికి కనబడెను.

నాలుగవ కారణము మిక్కిలి చిన్నది, కాని మిక్కిలి బలమైనది. పూర్వము చిత్రకారుడు రంగురాళ్లను తానే నూఱి, జిగురు కలిపి సిద్ధము చేసికొనవలసి యుండెను. విలియం రీవ్సు అను వర్తకుడు రంగులను తుమ్మజిగురు వంటి బంకతో కలిపి చిన్న బిళ్లలుగా చేసి యమ్మెను. తడికుంచెతో రాచినంతనే రంగు వచ్చును. 1781లో ఒక కళాసమాజమువారు ఇందులకై ఆతనికి బహుమాన మిచ్చిరి. ఒక చిన్న పెట్టె, ఒక గిన్నెడు నీరు, నాలుగు కాగితములు ఉన్నచో చిత్రశాల యంతయు సంచిలో పట్టును. నూనెరంగులకును 1841లో తగరపు గొట్టములు వచ్చెను. ఆ మీదట వానిని కూడ పొలమునకు తీసికొనిపోవుట సులువయ్యెను. గొప్ప మార్పులన్నియు గొప్ప ఉపన్యాసములవలననే కలుగునని మనము తలంపరాదు. కొన్ని చిన్న పెట్టెలవలన కలుగును.

ఇట్లు బయటికి వచ్చినవారిలో మనము ముఖ్యముగా తెలిసికొనదగినవాడు జాన్ కాన్‌స్టేబుల్. ఈతడు 1776లో సఫోక్ మండలమున నొక మిల్లు యజమానికి పుత్రుడుగా జన్మించెను. మిల్లువాని కొడుకు గావున గాలి యెటు వీచునో, మబ్బు ఎపుడు కురియునో ఎఱిగినవాడు. తాను పుట్టిన నదీతీరమునే జీవితమంతయు చిత్రించెను. 1821లో ఆతడు ప్రదర్శించిన గడ్డిబండి చిత్రములో రాజులు లేరు, పురాణకథ లేదు. నిస్సారమైన చిన్న యేటిలో నొక బండి నిలిచియున్నది. ఒడ్డున నొక యిల్లు, ఒక కుక్క, దూరమున పొలములో పనివారు, పైన మబ్బులు. అంతే. స్వదేశమున తగిన గౌరవము రాకున్నను 1824లో ప్యారిసు ప్రదర్శనమున దానికి స్వర్ణపతకము వచ్చెను. అంతకంటె మనకు ముఖ్యమైనది వేఱొకటి కలదు. 1821, 1822 సంవత్సరములలో ఆతడు లండను సమీపమున హ్యాంప్‌స్టెడ్ మిట్టపై నిలిచి కేవలము ఆకాశమునే పదే పదే చిత్రించెను. వానిలో పెక్కింటి వెనుక తేదీయు, గంటయు, గాలి దిక్కును వ్రాసిపెట్టెను. మబ్బును గూర్చి అందఱును చెప్పునది తాను చెప్పక, ఆ దినమున ఆ గంటకు తాను చూచినదే చెప్పుట ఆతని నియమము. ఇది సత్యవ్రతము కాదా? మన పాఠశాలలోని బాలిక "ఆడ మునిగిపోతాడు" అన్నపుడు చెప్పినది ఇట్టి సత్యమే.

ఇక సముద్రతీరముల మాట. పూర్వము ఇంగ్లండువారికి సముద్రమనిన జాలరులకును ఓడవారికిని విడిచిపెట్టిన భయంకరస్థలము. పదునెనిమిదవ శతాబ్దము నడుమ రిచర్డు రస్సెల్ అను వైద్యుడు సముద్రస్నానము ఆరోగ్యకరమని పుస్తకము వ్రాయుటతో ధనవంతులు బ్రైటన్ తీరమునకు చేరసాగిరి. కాన్‌స్టేబుల్ కూడ రోగపీడితయైన భార్యను 1824లో అచటికే తీసికొనిపోయి, ఆమె గాలి పీల్చుకొనుచుండగా తాను అలలను చిత్రించెను. 1841లో లండను నుండి బ్రైటనుకు రైలుమార్గము పడెను. దానితో గుమాస్తాలును, దుకాణదారులును, పనివారును కూడ ఉదయమున పోయి సాయంకాలమునకు తిరిగిరాగలిగిరి. 1871లో చేసిన చట్టముచేత బ్యాంకులకు కొన్ని దినములు సెలవు లేర్పడి, అవియే క్రమముగా సర్వజనుల సెలవుదినము లయ్యెను. జీతముతో కూడిన సెలవులను గూర్చిన చట్టము 1938లో వచ్చెను. చిత్రకారులైన కొందఱు 1880 ప్రాంతమున కార్న్‌వాల్ తీరమందలి న్యూలిన్ అను జాలరిపల్లెలో కాపురముండి, వలలు బాగుచేయువారిని, చేపలమ్ము స్త్రీలను ఆరుబయట నిలిపి చిత్రించిరి. ఇట్లు వేసవి విహారము గొప్పవారి విలాసముగా మొదలై, సామాన్యుల హక్కుగా పరిణమించినది.

ఈ కథను విని మనము మురిసిపోవుట కూడదు. ఆ చక్కని చిత్రములు చెప్పని సంగతులు కలవు. ఆ కాలముననే పార్లమెంటు శాసనములచేత ఊరుమ్మడి బీళ్లకు కంచెలు పడి, పశువుల మేపుకొనుటకును కట్టెలేఱుకొనుటకును పేదల కుండిన హక్కులు పోయెను. 1830లో ఇంగ్లండు దక్షిణ మండలములలో కూలివారు ఆకలికి తాళలేక గడ్డివాములు కాల్చి, నూర్పిడి యంత్రములను పగులగొట్టిరి. గడ్డిబండి చిత్రములోని పనివారు చిన్నచుక్కలుగా మాత్రమే కానవచ్చుచున్నారు. దూరమునుండి చూచినవారికి దారిద్ర్యము కూడ అందముగానే యుండును. స్త్రీల సంగతియు నట్లే. నీటిరంగులు వేయుట కులీనకన్యల కలంకారమని ఇంటింట నేర్పిరి గాని, లండనులోని రాజకీయ కళాపరిషత్తు పాఠశాలలో స్త్రీలను చేర్చుకొనలేదు. 1860లో లారా హెర్‌ఫర్డ్ అను యువతి తన పేరులో మొదటి యక్షరము మాత్రము వేసి చిత్రములను పంపగా, పరీక్షకులు పురుషుడని తలంచి చేర్చుకొనిరి. తరువాత తెలిసినను వెడలగొట్టుటకు వారి నిబంధనలలో మాట లేకపోయెను. ఒక్క యక్షరము మాటున నొక స్త్రీ ఆ తలుపు తెఱచెను.

అయినను ఒక మేలు జరిగినది. కంటితో చూచి ప్రేమించిన నేలను పోగొట్టుకొనుట జనులకు దుస్సహమయ్యెను. ఉమ్మడి బీళ్లను కాపాడుటకు 1865లో నొక సంఘమును, చారిత్రకస్థలములను ప్రకృతిరమ్య ప్రదేశములను ప్రజల పక్షమున కొని నిలుపుటకు 1895లో నేషనల్ ట్రస్టును ఏర్పడెను. రెండవదానిని స్థాపించినవారిలో ఒకరు ఆక్టేవియా హిల్ అను స్త్రీ. లండను పేదల యిండ్లను బాగుచేయుటకై పాటుపడిన ఆమె, పేదవానికి అన్నముతోపాటు ఆకాశమును కావలెనని వాదించెను. చిత్రము చూపును నేర్పును. చూపు ప్రేమను కలిగించును. ప్రేమ రక్షణకు పురికొల్పును. ఈ క్రమమును మనము గుర్తుంచుకొనవలెను.

ఈ విద్య మన దేశమునకు మొదట తుపాకుల వెంట వచ్చినది. థామస్ డానియెల్ అను చిత్రకారుడును ఆతని యన్న కొడుకు విలియమును 1786లో కలకత్తాలో దిగి, 1792లో దక్షిణదేశమునకు వచ్చి, మైసూరు యుద్ధములో ఆంగ్లసేన నడిచిన దారులనే అనుసరించి కొండకోటలను చిత్రించిరి. వారు ఇంగ్లండునకు తిరిగిపోయి 1795 మొదలు 1808 వఱకు 144 చిత్రఫలకములను అచ్చొత్తించిరి. ఆ కాలముననే కాలిన్ మెకంజీ తెలుగుసీమలను కొలుచుచు, శాసనములను, కైఫీయతులను, దేవాలయముల చిత్రములను ప్రోగుచేసెను. ఆ మహాకార్యమునకు ఆధారమైనవారు ఏలూరువాసులైన కావలి సోదరులు బొఱ్ఱయ్య, లక్ష్మయ్య, రామస్వాములు. మెకంజీ 1815లో హిందూదేశపు సర్వేయరు జనరలై 1821లో మరణించెను. ఈ మహనీయుల కృషికి మనము ఋణపడియున్నాము. కాని వారి చూపు యాత్రికుని చూపు, లేదా శిస్తు కట్టుటకై భూమిని కొలుచువాని చూపు. ఆ కొండ క్రింద పుట్టి, ఆ నీరు త్రాగినవాడు ఆ కొండను చిత్రించుటకు ఇంకను నూఱేండ్లు పట్టెను.

అది గోదావరి యొడ్డున జరిగెను. థేమ్సు నదీతీరమున ఆబింగ్డన్ అను చిన్న పట్టణమున 1882లో జన్మించిన ఆస్వాల్డ్ కూల్డ్రే దొర 1909 మొదలు 1919 వఱకు రాజమహేంద్రవరము ప్రభుత్వ కళాశాలకు ప్రధానాచార్యుడుగా నుండెను. వీరేశలింగము పంతులుగారు కళ్లు తెఱపించిన పట్టణమది. ఆ పెద్దలింకను జీవించియున్న దినములవి. కూల్డ్రే కవి, చిత్రకారుడు. పాలకజాతివాడయ్యు తన విద్యార్థులతో కలిసి తిరిగెను, గోదావరిని వారితో కలిసి చూచెను. తన పద్యసంపుటమునకు థేమ్సు, గోదావరి నదుల పేర్లు రెండును కలిపి పెట్టి 1920లో ప్రకటించెను. తన యూరి నదిని చూడ నేర్చినవాడే పరుల నదిని గౌరవింపగలడని ఆయన జీవితము చెప్పుచున్నది. స్వదేశమునకు తిరిగిపోయి 1958లో మరణించు వఱకు ఆబింగ్డను పరిసరములను నీటిరంగులలో చిత్రించుకొనుచు, తెలుగుదేశమును గూర్చి వ్రాసికొనుచు నుండెను.

ఆయన శిష్యులలో అడివి బాపిరాజుగారు కవియు, నవలాకారులును, చిత్రకారులును ఐరి. కవికొండల వేంకటరావుగారు కవియైరి. దామెర్ల రామారావుగారు తెలుగువారి చిత్రకళకు క్రొత్త పుట్టుక నిచ్చిరి. రామారావుగారు 1897 మార్చి 8వ తేదీన రాజమహేంద్రవరమున జన్మించిరి. బాల్యముననే గోడలపైనను పుస్తకముల యంచులపైనను బొమ్మలు వ్రాయుచుండిన ఆ బాలుని నేర్పును గుర్తించి ప్రోత్సహించినవారు కూల్డ్రే దొరయే. 1916లో బొంబాయిలోని జంషెట్జీ జీజీభాయి చిత్రకళాశాలలో చేరి, విద్య ముగించుకొని, తిరిగి తన యూరికే వచ్చిరి. బొంబాయిలోనో కలకత్తాలోనో నిలిచియుండిన ధనము వచ్చియుండెడిది. ఆయన గోదావరిని కోరుకొనిరి. పౌరాణిక చిత్రములతోపాటు పాపికొండల నడుమ గోదావరిని, రేవులలో నీళ్లు ముంచుకొను స్త్రీలను, పల్లెటూరి యిండ్లను చిత్రించిరి. ఆ స్త్రీలు పురాణములోని నాయికలు కారు. మన యిండ్లలోని ఆడుపడుచులు. మొట్టమొదటి సారిగా తెలుగునేల తెలుగువాని కుంచెలో వెనుకటి తెరగా కాక ముందు నిలిచెను.

ఆయన ఒంటరిగా నీ పని చేయలేదు. మిత్రుడు వరద వేంకటరత్నముగారు మొదలగువారితో కలిసి ఆంధ్ర చిత్రకళాసమాజమును స్థాపించి, బాలురకు చిత్రలేఖనము నేర్పిరి. ఇంటిలో భార్య సత్యవాణిగారును, చెల్లెలు బుచ్చికృష్ణమ్మగారును కుంచె పట్టిరి. ఇంగ్లండులో స్త్రీ తన పేరు దాచుకొని పాఠశాలలో చేరవలసి వచ్చెనని మీకు విన్నవించితిమి. ఇచట నొక తెలుగుగృహమున స్త్రీపురుషులొకచోట కూర్చుండి చిత్రములు వ్రాసిరి. గృహమే పాఠశాలయైనపుడు తలుపు తట్టవలసిన పనిలేదు. సంస్కరణమును గూర్చి సభలలో మాటలాడువారు ఈ యింటిని జ్ఞాపకముంచుకొనవలెను.

1925 ఫిబ్రవరి 6వ తేదీన రామారావుగారు మశూచికముచే మరణించిరి. వారికపుడు నిండ ఇరువదియెనిమిదేండ్లు లేవు. ఈ సంగతి వ్రాయునపుడు మాకు మఱియొక ఇంగ్లీషు పల్లెటూరు జ్ఞప్తికి వచ్చుచున్నది. గ్లాస్టర్ మండలమందలి బర్క్‌లీ గ్రామమున ఎడ్వర్డు జెన్నర్ అను వైద్యుడు, పాలు పిండు స్త్రీలకు మశూచికము సోకదన్న పల్లెటూరి మాటను కొట్టివేయక, కన్నులతో చూచి, విచారించి, 1796 మే 14వ తేదీన ఒక బాలునికి టీకా వేసెను. కాన్‌స్టేబుల్ మబ్బును చూచిన చూపును, జెన్నర్ ఆవుల పొదుగును చూచిన చూపును ఒక్కటియే. పరుల మాటకంటె కంటి సాక్ష్యమును నమ్మిన చూపది. 1802లోనే ఆ టీకా బొంబాయికి వచ్చినది. అయినను జెన్నరు ప్రయోగము జరిగిన నూటయిరువదితొమ్మిదేండ్లకు మన గొప్ప చిత్రకారుడొకడు ఆ వ్యాధికే బలియయ్యెను. టీకా కనిపెట్టుట యొకటి, అది ప్రతి గుడిసెకును చేరుట వేఱొకటి. అమ్మవారు పోసినదని చేతులు కట్టుకొని కూర్చుండిన ఇండ్లెన్నియో మన దేశమున నుండెను. ఆ రోగము భూమిపై నుండి తొలగిపోయినదని ప్రపంచారోగ్యసంస్థ 1980లో ప్రకటించినది. రాజమహేంద్రవరములో రామారావుగారి పేర నున్న చిత్రశాలలో నిలిచి ఆ గోదావరి చిత్రములను చూచునపుడు, ఆయన వ్రాయకపోయిన చిత్రములును మనకు జ్ఞప్తికి రావలెను.

ఆ లోయ కూడ నేడు మాఱుచున్నది. పోలవరము ఆనకట్ట నిర్మాణమువలన పాపికొండల దారిలోని పల్లెల జనులు తమ యిండ్లు విడిచిపోవలసి వచ్చెను. ఆనకట్టవలన కలుగు లాభమును మేము కాదనము. పెన్నపై సోమశిల జలాశయము లేనిచో నెల్లూరి మాగాణుల గతి యేమగునో ఎఱిగినవారము. కాని నీట మునుగు పల్లెను మునుగకముందు చూచి, వ్రాసి, గుర్తుంచుకొనుట మన ధర్మము. లేనిచో అట నొక పల్లె యుండెనని చెప్పు సాక్షి యుండడు.

అయిన మనమేమి చేయవలెను? ఇంగ్లండువారు వేసవిలో బయటికి పోవుదురు గావున మనమును వైశాఖమాసపు ఎండలో గొడుగు పట్టుకొని పోవలెనని మేము చెప్పము. అది అనుకరణము, అవివేకము. లండనులో డిసెంబరు నెలలో పగలు ఎనిమిది గంటలైన నుండదు. జూన్ నెలలో పదునాఱు గంటలకు మించి యుండును. చీకటిలో మ్రగ్గినవారికి వేసవి పండుగ. మన మెట్టసీమలకు పండుగ కార్తికము. చెఱువులు నిండి, వాన వెలిసినపుడు గాలి కడిగినట్లు తేటయై, దూరపు కొండలు దగ్గఱకు వచ్చినట్లు కానవచ్చు మాసమది. ఆ సంగతి మన పూర్వులకు తెలియును. ఉసిరిచెట్టు క్రింద వనభోజనమని వారేర్పఱచినది ఊరకే కాదు. కాని ఆ వనభోజనము నేడెట్లున్నది? కులమునకొక తోట, కులమునకొక పందిరి. స్త్రీలు పొయ్యి యొద్ద, పురుషులు పేకముక్కల యొద్ద. ఇంటిలోని వంటయిల్లే తోటలోనికి వచ్చినది గాని ఇంటిలోనివారు తోటను చూడరైరి.

ఈ యాచారమునే సంస్కరించుకొందము. ఏ కులమువారైనను, ఏ మతమువారైనను కలిసి పోదము. అనుమసముద్రంపేటలోని రహమతాబాదు దర్గాకు హిందువులును ముస్లిములును కలిసియే పోవుచున్నారు గదా. వ్యాధిబాధలలో కలిసిన జనులు ఆనందములో కలియరాదా? వంటను తేలికచేసి, స్త్రీలకు సగము దినము విడిచిపెట్టుదము. పిల్లలకు రంగులపెట్టె యొకటి, కాగితములు కొన్ని ఇత్తము. మన యెండకు నీటిరంగు చూచుచుండగనే ఆరిపోవును గావున తెల్లవాఱుజామున మొదలిడి ఎనిమిది గంటలకు ముగించుట మంచిది. తెల్లని వెలుతురునకై తెల్లరంగు వెదుక నక్కఱలేదు. కాగితమును తాకక విడిచిన చోటే వెలుతురగును. చిత్రము వెనుక తేదీని, గంటను, గాలి దిక్కును వ్రాయింతము. చిత్రము బాగుండకపోయినను ఆ వ్రాత నిజమగును.

చిత్రకారులందఱు కానక్కఱలేదు. ఉదయగిరిలో కొయ్యతో గరిటెలును చెంచాలును చెక్కు కుటుంబములు కలవు. వారిలో స్త్రీలనేకులు. ఏ కొండపైని ఏ కొయ్య మెత్తనిదో, ఏది గట్టిదో వారి వ్రేళ్లకు తెలియును. అదియు నొక చూపే. సుమారు మూడువేల యడుగుల ఎత్తైన ఆ కొండను రాజులు దుర్గముగా చూచిరి, దొరలు కొలతగా చూచిరి, ఈ స్త్రీలు కొయ్యగా, కూడుగా చూచుచున్నారు. మన పిల్లలు దానిని కొండగా చూచుదురుగాక. చూచినవానికి దానిపై మమకారము పుట్టును. మమకారము పుట్టినవాడు చెఱువును పూడ్చి యిండ్లస్థలములు చేయువానిని, కొండను పగులగొట్టి కంకరగా అమ్మువానిని చూచి ఊరకుండడు. అడుగును.

పాఠశాలలో ఆ దినమున మేము పిల్లలకు మరల కాగితములిచ్చి, ఈ సారి కిటికీ యొద్దకు పోయి వ్రాయుడని చెప్పితిమి. ఎక్కువమంది మునుపటి ముక్కోణములనే వ్రాసిరి. అలవాటు ఒక్కదినమున పోదు. వెనుక వరుసలోని బాలిక మాత్రము కాగితమున కడ్డముగా నొక పొడవైన గీత గీసి, దానిపై సగము సూర్యుని వ్రాసెను. కొంతసేపు కిటికీలోనికి చూచి, గీత నడుమ చిన్నగుంట నొకటి దిద్దెను. మేము తలయెత్తి చూచితిమి. వెలికొండలలో నిజముగా నొక కనుమ యున్నది. అంతవఱకు మేము దానిని చూడలేదు.